నీళ్ళు పోసే పని

చీరలు గూడా సంపాదనేనంట అత్తా, యాడన్నా ఉందా ఈ చోద్యం? దుడ్లొద్దు, చీర పెడితే చాలు అనేది మన మర్యాద గదా. ఆ మర్యాదే నా మెడకు చుట్టుకునింది. జర్మనీలో చీరకు గూడా లెక్క చెప్పల్లంట.

ఆ నానిన అనపగింజలు ఇట్ల జరుపు, నేనూ తొక్క ఊడేట్టు పితుకుతా. నువ్వు రవ్వంత సేపు విను.

నీ కొడుకు గిరీష్ ఆడ కంప్యూటర్ల కంపెనీలో ఉండాడు. నేను గోడౌన్లో నిలబడి పార్సిళ్ళు కడతాండాను. నువ్వేమో కుప్పమంతా 'మా కోడలు సుప్రియ ఆఫీసులో పని' అని టముకేసినావు. వేసినావులే, నేనేమన్నా కాదన్నానా? పార్సిళ్ళు కట్టేదీ ఒక ఆఫీసే అనుకుని గమ్మునున్నా.

ఇంతలో మా వీధిలో అనితకు కాన్పయింది. మన బి.కొత్తకోట పిల్లే. వాళ్ళమ్మకు వీసా రాలేదు. ఆ పిల్లకు బిడ్డనెత్తుకోవాలంటేనే భయం, ఇంక నీళ్ళేం పోస్తాది? నేను పోయి కాళ్ళు చాపి కూర్చుంటిని. ఆడ స్నానాలగది పిట్టగూడంత ఉంటాది, చాపిన కాళ్ళు బయట, నేను లోపల! నూనె పట్టించి, శెనగపిండి రుద్ది, బిడ్డ ముక్కు, దవడలు ఒత్తి, నీళ్ళు పోసినా. సాంబ్రాణి వేస్తే, పొగొస్తే మోగేదానికి ఇంటికప్పుకు పెట్టిన గంట ఇల్లదిరేట్టు మోగింది. కిందింటి ముసలాయన నిప్పంటుకుందని పరిగెత్తుకొచ్చినాడు. బిడ్డ మాత్రం కదిలితే ఒట్టు, సాయంత్రం దాకా నిద్ర.

అంతే, ఆ మాట ఊరంతా పాకింది. తమిళమోళ్ళు పిలిస్తిరి, కన్నడమోళ్ళు పిలిస్తిరి, ఆఖరికి ఒక జర్మనీ ఆయమ్మ గూడా పిలిచింది. దుడ్లిస్తామంటే వద్దన్నా. బిడ్డకు నీళ్ళు పోసి దుడ్లు తీసుకుంటే బాగుంటాదా చెప్పు? ఆఖరి రోజు తాంబూలంలో చీర పెడితే కళ్ళకద్దుకుని తెచ్చుకున్నా. బీరువా తలుపు మూసుకోకుండా అయిపాయ.

మన పలమనేరు వరుణ్ ఆడ పన్నుల లెక్కలు చూస్తాడు. ఆ బీరువా చూసి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. 'అక్కా, నువ్వు చేసేది సాయం కాదు, వ్యాపారం. ఇట్ల ఇంటింటికీ పోతాంటే సొంత పని అని సర్కారుకు చెప్పి నీ పేరు రాయించుకోవల్ల, లేదంటే దొంగతనంగా చేసినట్టు' అన్నాడు. రాయించుకుంటే పన్ను కట్టల్ల, ఇన్సూరెన్సు కట్టల్ల, బిడ్డకేమన్నా అయితే నేనే జవాబు చెప్పల్ల. రాయించుకోకుంటే మానేయల్ల.

నీ కొడుకేమన్నాడో తెలుసా? 'మా అమ్మనడుగు' అన్నాడు. ఆయప్ప అంతే గదా, కూరలో ఉప్పు చాలకపోయినా నిన్నే అడగమంటాడు.

ఎందుకట్ల చూస్తాండావు? నీ మనసులో ఏముందో నాకు తెలీదా? రేపు మనం మదనపల్లెకు నామకరణానికి పోతాండాము. పుంగనూరులో సంగీత వదిన అదే బస్సు ఎక్కుతాది. ఎక్కగానే, 'ఆడ నువ్వేం చేస్తాండావు సుప్రియా' అంటాది. బిడ్డలకు నీళ్ళు పోస్తాండా అని నేనంటే, కూతురి ముందర నీ తల యాడ పెట్టుకోవల్ల? అదే గదా నీ బాధ.

నా బాధ గూడా చెప్తా విను. మన బిడ్డకు నీళ్ళు పోసేదానికి వచ్చే చిన్నక్కకు నువ్వు కాఫీ యాడ ఇచ్చినావు? పెరట్లో. గ్లాసు గూడా వేరే. తాగి, కడిగి, గోడ మీద బోర్లించి పోయేది. నేను బాలింతను, మంచం మీద నుంచి చూస్తాంటిని. తప్పని అప్పుడు నాకూ తోచలేదు. ఆడ నన్ను సోఫాలో కూర్చోబెట్టి, ఇంటోళ్ళకంటే ముందు నాకు ప్లేటులో పెడతారు. తినేటప్పుడల్లా చిన్నక్క గుర్తొస్తాది. ఇద్దరం చేసేది ఒకటే పని గదా.

సరే, ఆ గింజలు నలిపేయొద్దు. నలిపితే పప్పు ముక్కలయి కూరంతా పిండి పిండి అయితాది.

ఏమంటివి? మళ్ళా చెప్పు. రాయించుకో అంటాండావా? నిజంగానా? దొంగపని చేసే కోడలు మాత్రం నాకొద్దు అంటావు. బాగుంది, ఈ మాట ముందే అనుంటే నాకింత గొంతు ఎండేది కాదు గదా.

ఒకటి చెప్తా, కోపం తెచ్చుకోవాకు. నేను నిన్ను అడిగేదానికి రాలేదు. ఇండియాకు బయలుదేరే ముందే ఆ సర్కారు ఆఫీసుకు పోయి రాయించేసినా. నీ కొడుక్కు గూడా తెలీదు. ఏం పని అని అడిగితే బిడ్డలకు నీళ్ళు పోస్తాను అని తలెత్తి చెప్పినా. బయటికొచ్చి ట్రాము కోసం నిలబడితే ఎందుకో ఏడుపొచ్చింది. నీతో సరే అనిపించుకోవల్లని అప్పుడే అనుకున్నా.

రేపు వదినకేం చెప్తావంటావా?

వదినకు ఆఫీసనే చెప్తాలే అత్తా. జర్మనీ సర్కారుతో చెప్పేసినా గానీ, పుంగనూరు బస్టాండులో చెప్పేంత ధైర్యం నాకింకా రాలేదు.