ఆగిన మందులు

శంషాబాద్‌లో మరియమ్మ ఇల్లు. మధ్యాహ్నం. కూతురు జెరూషా ఆఫీసులో పని మధ్యలోనే లేచి వచ్చేసింది.

“ఎవరు చెప్పిన్రే నీకు?”

“ఎవ్వరు చెప్పలే అమ్మా. మా ఆఫీసుల కంప్యూటర్ల చూసిన.”

“మీ ఆఫీసుల నా పేరెందుకుంటది?”

“పేరుండదు. దవాఖానలోళ్లు, మందుల దుకాణాలోళ్లు పేర్లు తీసేసి మిగిలిందంత మాకు పంపుతరు. ఏ మందు ఎవరికి పనిచేస్తున్నదో మేం చూస్తం. అండ్ల ఒక ఆడమనిషి ఉన్నది. కొత్తూరు ఫ్యాక్టరీల మెషిన్ల పడి ఎడమ చేతి రెండు వేళ్లు పోయినయి.”

“వేళ్లు పోయినోళ్లు చానామంది ఉంటరు కొత్తూర్ల.”

“ఆపరేషనైన నెల నీదే. వయసు నీదే. చెయ్యి దాచకు.”

“ముందుగాల జర నీళ్లు తాగు. ఎట్ల చెమటలు పట్టినయో చూడు.”

“నీళ్లొద్దు. ఆమె ఫిట్స్ మందులు వాడుతున్నది. నీకు ఫిట్స్ వస్తున్నయా?”

“ఫిట్సు లేదు, గిట్సు లేదు.”

“మరి మందులెవరు కొన్నరు?”

“నేనే కొన్న.”

“అమ్మా!”

“అరవకు. పక్కింటి సరిత ఇంటది.”

“ఇననియ్యి. ఈ సంగతి బయట పెట్టినట్టు తెలిస్తే నా నౌకరి పోతది. అయినా ఉరికొచ్చిన. ఎందుకో తెల్సా? రెండు నెలల సంది ఆమె మందు కొంటలేదు. ఈ మందు ఒక్కసారే ఆపితే ఏమైతదో గూడ మేం చూస్తం. ఫిట్స్ మళ్ల వస్తయి. ముందుకంటె గట్టిగ వస్తయి. కొందరికి ఆ తర్వాత ఇగ ఏం రాసుండదమ్మా.”

“రాసుండదంటే?”

“సచ్చిపోయిన్రని.”

“యేసయ్యా...”

“ఎందుకాపినవ్?”

“డాక్టర్ రాస్తలేడు. తలకాయ స్కానింగ్ తీస్తేనే మళ్ల రాస్తనన్నడు.”

“తీయించుకోవచ్చు గద!”

“నా తలకాయ తీస్తే అండ్ల ఏముంటదే?”

“అంటే?”

“ఏం లేదు. ఇగ పో, ఆఫీసుకు పో.”

“అంటే ఏందమ్మా? ఫిట్స్ నీకు కాకపోతే... బాపుకా?”

“ముందుగాల ఆ తలుపు ఎయ్యి.”

“అమ్మా, బాపుకేనా?”

“ఆయన పేరు మీద రాయిస్తే డ్రైవర్ పనికెల్లి తీసేస్తరని... ఆయనకు వచ్చినయన్నీ నాకు వచ్చినట్టు చెప్పిన డాక్టర్‌కు. కండ్లు తేలేసుడు, నాలుక కరుసుకునుడు, అన్నీ. మందులు ఏసుకున్నన్ని దినాలు మంచిగుండె బిడ్డా. ఒక్కసారి గూడ రాలే.”

“ఇప్పుడు మందుల్లేవు గద! బాపు ఏడున్నడు?”

“డ్యూటీకి పోయిండు.”

“విమానం దాకా జనాన్ని తీస్కపోయే బస్సు! నిండ మనుషులతోని! నీకు భయం కాలేదా అమ్మా?”

“దినాం అయితున్నది. మీదికెల్లి విమానం పోయినప్పుడల్లా గుండె గుబేల్మంటది. ఫోన్ మోగితే ఎత్తబుద్ధి కాదు. ఎవరికి చెప్పుకోవాలె? నువ్వే ఫోన్ చెయ్యి ఆయనకు.”

“చేస్తున్న... ఎత్తుతలేడు.”

“మళ్ల చెయ్యి.”

“మోగుతున్నది... మోగుతనే ఉన్నదమ్మా.”

“ఇంకోపారి. స్పీకర్ పెట్టు.”

“హలో... బాపూ! బస్సు ఆపు. ఏడుంటె ఆడనే పక్కకు ఆపి దిగు!”

“ఏ బస్సు? ఏమైంది బిడ్డా?”

“నీ ఫిట్స్ సంగతి తెల్సింది. మందులు ఆగినయని తెల్సింది. దండం పెడ్త బాపూ, బస్సు తోలకు.”

“...తోల్తలేను బిడ్డా. మందులు అయిపోయినంక ఒకనాడు స్టీరింగు మీద చెయ్యి అదిరింది. ఎనుక సీట్ల చిన్న పిల్లలున్నరు. అదే దినం నేనే పోయి తాళంచెవి ఇచ్చేసిన. అప్పటి సంది ఎయిర్‌పోర్టులనే సామాన్ల ట్రాలీలు నెడుతున్న. మీ అమ్మకు మాత్రం చెప్పకు, భయపడ్తది.”