ఊరుమ్మడి ఉంగరం

ఆ బొత్తాల డబ్బాలో ఏం కెలుకుతున్నావే అంతసేపు? నల్ల బొత్తాం అడుగునెక్కడో ఉంటుంది, కిందకంటా చెయ్యి పెట్టు. ఏదీ? ఓ, అదా. బంగారమే, ఇత్తడి కాదు. ఒకపక్క నొక్కుకుపోయింది చూశావా, అక్కడ తాళ్ళు పేనే కొక్కెం తగిలింది. ఉహుఁ, నాది కాదు. నాకు పెళ్ళెప్పుడయింది గనక ఉంగరం ఉండటానికి! మా సెరీనత్తది. ఆ మాటకొస్తే అత్తదీ కాదు. ఏమిటీ, రైల్లో పెట్టుకుంటావా? ఒంటరిగా దేశాలు తిరిగే ఆడపిల్ల వేలికి ఉంగరం ఉంటే మగాళ్ళు జోలికి రారని ఎవరు చెప్పారే నీకు? నీ స్నేహితురాలా? బాగుంది, ఇన్నేళ్ళయినా అదే మాట. కూర్చో. కాదు కాదు, ముందు ఆ కిటికీ వెయ్యి మారిత్, పరదా అలా కొట్టుకుంటుంటే నా మాట ఒకచోట నిలవదు. హాఁ. కూర్చో ఇప్పుడు.

మీ తాతా నేనూ పెరిగిన ఇంటికి గోడ అవతల బెర్తా మామ్మ అని ఉండేది. మొగుడు తాళ్ళు పేనేవాడు, ఈవిడ కొక్కెం తిప్పేది. ఆయన పడవ బోల్తాపడి పోయాడు. ఈవిడేం చేసింది? పెళ్ళి ఉంగరం తీసేసింది. "నా వేలికి దీంతో పనైపోయింది, ఇంకెవరి వేలికైనా పనికొస్తుంది" అని. అప్పట్లో మా లిస్తా నుంచి సగం ఊరు అమెరికాకి పోతూ ఉండేది కదా, మగాళ్ళతో పాటు పెళ్ళికాని ఆడపిల్లలు కూడా, వంటపనికీ పిల్లల్ని చూసుకునే పనికీ. క్రిస్తియాన్‌సాండ్‌లో ఓడెక్కితే ఇక అన్ని రోజులూ నీళ్ళ మీద, ముక్కూమొహం తెలియనివాళ్ళ మధ్య. అందుకని మామ్మ ఈ ఉంగరం ఇచ్చి పంపేది. అక్కడ దిగాక, ఇటు వచ్చేవాళ్ళెవరి చేతికైనా ఇచ్చి తిరిగి పంపెయ్యాలి, అన్నకో తమ్ముడికో ఓడ కళాసీకో. మళ్ళీ ఇంకో పిల్ల. అలా అది మనందరి కంటే ఎక్కువసార్లు సముద్రం దాటింది! ఇంకో షరతు కూడా ఉండేది. ఉంగరం సంగతి తెలిసినవాళ్ళు అది ఎవరి వేలికి కనబడ్డా నోరు మెదపకూడదు. పెట్టుకున్న పిల్లే తనంతట తీయాలి, ఆ పిల్లే నోరు విప్పి చెప్పాలి. తెచ్చి ఇచ్చే మగాళ్ళ చేత కూడా ఒట్టు వేయించుకునేది మామ్మ, బైబిలు మీద కాదు, వాళ్ళమ్మ మీద. బైబిలు మీద ఒట్టేసి తప్పినవాళ్ళని తను చాలామందిని చూసిందిట.

సరే, మా అత్త. మా నాన్నకి చెల్లెలు. ఎలా చెప్పను... కాలుగాలిన పిల్లి అంటాం చూడు, అదే. కాఫీ నిలబడి తాగేది. చర్చిలో పాట అయ్యేలోగా మూడుసార్లు తలుపు వైపు చూసేది. ముప్ఫై దాటినా పెళ్ళి మాటెత్తితే "ఆయన కూర్చోమంటాడేమోనని భయం" అనేది. ఇంట్లో మా నాయనమ్మా, గొర్రెలూ, ఒక పొట్టేలూ, దాంతో రోజూ ఈవిడ కుస్తీ. ఒకరోజు పొట్టేల్ని కట్టేసి వచ్చి, "నేను పోతున్నా" అంది. అంతే. బ్రూక్లిన్‌లో ఏదో ఇంట్లో పని ఒప్పుకుంది. మా నాన్న అరిచాడు, నాయనమ్మ ఏడ్చింది, బెర్తా మామ్మ మాత్రం ఉంగరం తెచ్చి కుడిచేతి వేలికి తొడిగింది. నొప్పెట్టిందిట. అత్త వేళ్ళు లావు, పనిచేసిన చేతులు.

ఓడలో భోజనాల దగ్గర ఒక పద్ధతి ఉండేదిట. మొదటిరోజు ఎవర్ని ఎక్కడ కూర్చోబెడితే దిగేదాకా అదే చోటు. ఒంటరిగా వచ్చినవాళ్ళందర్నీ ఒక బల్లకి తోసేవారు. అత్తకి ఒకపక్క స్తవాంగర్ నుంచి ఒక వితంతువు, నోటికి మూత లేని మనిషి. ఎదురుగా టెల్లెఫ్ అని ఒకాయన, మా పక్క లోయవాడే, క్వీనెస్‌దాల్. బ్రూక్లిన్‌లో వడ్రంగి. తండ్రికి బాగోలేదంటే వచ్చి, ఆయన్ని మట్టిచేసి తిరిగి వెళ్తున్నాడు. పెళ్ళికాలేదు. గడ్డం గీసుకుంటే నున్నగా ఉండేవాడు, గీసుకోకపోతే ఇంకా బాగుండేవాడు అనేది అత్త. ఇది మాత్రం మా నాన్న ముందు అనేది కాదులే. చారు వడ్డించేలోపే స్తవాంగరావిడ మొదలెట్టింది. "అమ్మాయ్, మీ ఆయన అక్కడే ఉన్నాడా? పేరేమిటి?" అత్త ఉంగరం పెట్టుకుంది గానీ మొగుడి పేరు ఆలోచించుకోలేదు! ఎంతసేపూ ఓడ ఎక్కడమే ఆలోచించింది తప్ప. టక్కున నోటికొచ్చిన మగ పేరు ఒక్కటే, "లుద్విగ్" అనేసింది. అది ఎవరి పేరనుకున్నావు? మా పొట్టేలు పేరు.

నవ్వుతావేమే, విను. అన్నాక ఇంక వెనక్కి తీసుకోలేదుగా. టెల్లెఫ్ అడిగాడు చాలా మర్యాదగా, "పొడుగు మనిషాండీ?" "పొట్టి. కానీ బలం." "నెమ్మదస్తుడేనా?" "నెమ్మదే, తలుపు వేసుంటే మాత్రం తలతో కుమ్ముతాడు." స్తవాంగరావిడ చెంచా కింద పెట్టేసి, "అయ్యో నా తల్లీ, అలాంటివాడి దగ్గరికి సముద్రం దాటి మరీ పోతున్నావా!" టెల్లెఫ్ మాత్రం తలొంచుకుని భుజాలు కదుపుతూ చారు తాగుతున్నాడు. తనమీద జాలితో ఏడుస్తున్నాడనుకుందిట మా అత్త. ఆ రోజు మొదలు ప్రతి పూటా ఒక ప్రశ్న. "లుద్విగ్ గారికి వానంటే పడుతుందా?" "పడదు, అరుగు కిందికి దూరతాడు." "పిలిస్తే పలుకుతారా?" "బంగాళాదుంప చూపిస్తే వస్తాడు." ఈవిడకి అబద్ధం రాదు, అన్నీ పొట్టేలు గుణాలే చెప్పింది పాపం. ఎంత చెబితే అంత ఊబిలో దిగిపోతున్నానని తెలుసు, అయినా ఆయన అడగడం మానేస్తే ఎలాగా అని ఇంకో భయం.

పగలంతా డెక్కు చుట్టూ నడిచేది. కూర్చోలేదు కదా! కళాసీలు ఎకసెక్కాలాడేవారు, "ఈవిడ ఓడకంటే ముందు నడిచి చేరేట్టుంది" అని. రెండోరోజు నుంచి టెల్లెఫూ నడక మొదలెట్టాడు, అటువైపు నుంచి. ఈవిడ ఇలా వస్తుంటే ఆయన అలా వస్తాడు. ప్రతి చుట్టులోనూ రెండుసార్లు ఎదురుపడాలి, ఎదురుపడ్డప్పుడల్లా టోపీ తీస్తాడు. అంతే, మాటల్లేవు. "ఆ మలుపు తిరిగితే వస్తాడు కదా అని కాళ్ళు వాటంతటవే పోయేవే, తోమినా" అనేది నాతో. తన జన్మలో మా అత్త ఒకచోటికి వెళ్ళాలని నడవడం అదొక్కసారే అనుకుంటాను. మిగతావన్నీ ఒకచోటి నుంచి పోవాలని నడిచినవే. అమెరికా పోయేటప్పుడు గడియారాలు రోజూ వెనక్కి తిప్పుతారు తెలుసా? రోజూ ఇంత సమయం ఊరికే ఇచ్చేవాళ్ళు, అందులో ఒక్క నిమిషం వాడుకోలేకపోయాను అని తనని తను తిట్టుకునేది. "నాకు పెళ్ళికాలేదండీ" అనడానికి ఎంతసేపు పడుతుంది? నువ్వు అను చూద్దాం. చూశావా, అయిపోయింది.

అంటే, దగ్గరిదాకా వచ్చింది ఒకసారి. గాలివాన పట్టుకుంది. గిన్నెలు జారకుండా బల్లమీద గుడ్డలు తడిపి పరిచారు. జనమంతా మంచాలు పట్టారు, స్తవాంగరావిడ దేవుణ్ణీ ఓడ కప్తానునీ కలిపి తిడుతోందిట. బల్ల దగ్గర వీళ్ళిద్దరే. ఆయన తన పళ్ళెం ఒక చేత్తో, ఈవిడ పళ్ళెం ఒక చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. ఎవరూ తినలేదు. అప్పుడన్నాడు, "సెరీనగారూ, ఆ ఉంగరం వేలికి బాగా బిగుతైనట్టుంది. కాసేపు తీసి పక్కన పెట్టకూడదూ?" మా అత్త ఏమంది? వీపు నిటారుగా పెట్టి, పాస్టరు పెళ్ళాంలాగా, "పెళ్ళయిన ఆడది ఉంగరం తియ్యదండీ" అంది! ఆయన ఉంగరం వంక చూసి, "నిజమే. తీస్తే మీరే తియ్యాలి, నేను అనకూడదు" అన్నాడు. ఎంత మంచివాడు, పరాయివాడి పెళ్ళాన్ని కన్నెత్తి చూడడు అనుకుంది ఈవిడ. అలాంటి మనిషి ముందు ఇప్పుడు నోరు విప్పి, ఇన్ని రోజులూ మీకు కథలు చెప్పానండీ అంటే, మొహాన ఉమ్మేస్తాడని భయం. మంచివాడని భయపడింది చూడు. చెడ్డవాడైతే ఎప్పుడో చెప్పేసేది.

ఓడ దిగారు. రేవంతా కౌగిలింతలూ ఏడుపులూ. స్తవాంగరావిడని కూతుళ్ళు ఎత్తుకుపోయారు. మా అత్త పెట్టె దగ్గర నిలబడింది, టెల్లెఫ్ తన పెట్టె దించి దానిమీద కూర్చున్నాడు. "మీరు వెళ్ళండి" అంది. "మీ ఆయన వచ్చేదాకా ఉంటాను" అన్నాడు. జనం పలచబడ్డారు. "ఆలస్యమవుతుందేమో" అంది. "నాకేం తొందర లేదు" అన్నాడు. ఇంకా పలచబడ్డారు. అప్పుడు లేచి దగ్గరికొచ్చి, "లుద్విగ్ రాకపోయినా ఏం ఫరవాలేదండీ. మా చెల్లెలు గున్వోర్ ఇల్లు దగ్గరే, వచ్చి కాఫీ తాగుదురుగాని" అన్నాడు. మెల్లగా అన్నాడుట, గొర్రెపిల్లని పట్టుకోబోయేటప్పుడు మాట్లాడతాం చూడు, అలా. వెళ్తే చెప్పాలి, చెప్తే పోతాడు. అటూ ఇటూ చూసింది. ఎవడో గోధుమరంగు కోటువాడు పేపరు చదువుకుంటూ పోతున్నాడు. పరిగెత్తింది. "లుద్విగ్!" అని అరిచి వాణ్ణి వాటేసుకుంది.

ఏం నవ్వులే, ఆ కోటువాడు ఈవిడెవరో దోపిడీదొంగ అనుకుని రెండు చేతులూ పైకెత్తాడుట. వాడి భుజం మీదుగా చూసింది. టెల్లెఫ్ టోపీ తీశాడు. పెట్టుకున్నాడు. పెట్టె భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు, వెనక్కి తిరగలేదు. తర్వాత ఆదివారాలన్నీ మనవాళ్ళ చర్చి దగ్గర చూసింది, మనవాళ్ళుండే ఎనిమిదో వీధి అంతా తిరిగింది. ఎవరో చెప్పారు, పడమటికి పోయాడు, అడవిలో కొయ్యపనికి అని. ఈవిడ అక్కడే ఆ ఇంట్లో పనిచేసుకుంటూ ఉండిపోయింది. ఉంగరం వెనక్కి పంపలేదు. తీస్తే అదీ పోతుందనుకుందేమో, నాకెప్పుడూ చెప్పలేదు.

నాయనమ్మ మంచం పట్టినప్పుడు వచ్చింది మళ్ళీ, యుద్ధానికి కాస్త ముందు. అప్పటికి నాకు నీ వయసు. బెర్తా మామ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది, "ఏదే నా ఉంగరం? నీ తర్వాత వెళ్ళిన పిల్లలందరికీ పరదా రింగులిచ్చి పంపాను సిగ్గులేకుండా!" అని. నేను కాఫీ పోస్తున్నాను. అత్త నవ్విద్దామని ఈ కథంతా చెప్పుకొచ్చింది, పొట్టేలూ, చారూ, కోటువాడూ, అందరి గొంతులూ పెట్టి. నేను కడుపు పట్టుకుని నవ్వుతున్నా. మామ్మ నవ్వట్లేదు. "ఎవరన్నావు? క్వీనెస్‌దాల్ టెల్లెఫా? గున్వోర్ అన్నా?" అంది. "అవును, ఎరుగుదువా?" "నీకు ముందు ఆ ఉంగరం పెట్టుకెళ్ళింది గున్వోరేనే! తిరిగి తెచ్చి నా చేతికిచ్చింది వాడేనే! నువ్వు బయల్దేరబోయే ముందే. వాళ్ళమ్మ మీద ఒట్టేశాడు నా వంటింట్లో నిలబడి. ఈసారి ఎవరికిస్తున్నావు మామ్మా అనడిగాడు. గోడ మీంచి నిన్ను చూపించాను. పొట్టేలుతో కుస్తీ పడుతున్నావు. దాన్నేమని పిలుస్తోంది ఆవిడ అనడిగాడు, లుద్విగ్ అని చెప్పాను. ఏ ఓడ అనడిగాడు, అదీ చెప్పాను."

నేను కాఫీ కూజా కింద పెట్టేశాను. అంటే మొదటి చారు దగ్గర్నుంచీ తెలుసు వాడికి. ఒట్టు తప్పలేక, రోజుకొక తలుపు తెరిచి పెట్టి కూర్చున్నాడు, ఈవిడ వస్తుందేమోనని. ఈవిడేమో ఆఖరికి, లేని మొగుడికి పొట్టేలు పేరు పెట్టి, ఆ పేరుతో దారినపోయేవాణ్ణి వాటేసుకుంది, వాడి కళ్ళముందు. నువ్వు నాకక్కర్లేదని ఇంతకంటే గట్టిగా చెప్పగలదా ఏ ఆడదైనా? నాకైతే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది మారిత్, ఎవరి మీదో తెలీదు.

అత్త ఒక్కటే అడిగింది. "నవ్వాడా?" "ఎప్పుడే?" "పొట్టేలు పేరు చెప్పినప్పుడు." "నవ్వాడు. గోడ మీద మోచేతులు ఆన్చి, నువ్వు లోపలికి పోయేదాకా నిన్ను చూస్తూనే నవ్వాడు" అంది మామ్మ. అత్త లేచి సబ్బు రాసి ఉంగరం లాగింది, తోలు ఊడొచ్చింది దాంతోపాటు. సాసర్లో పెట్టింది. మామ్మ తీసుకోలేదు. అత్త బయటికి వెళ్ళింది. నేను కిటికీలోంచి చూస్తున్నాను, ఇంటి చుట్టూ నడుస్తోంది. ప్రతి మలుపు దగ్గరా కాస్త ఆగుతుంది, తొంగి చూస్తుంది, మళ్ళీ నడుస్తుంది. పొద్దుగూకేదాకా. ఎదురొచ్చేవాళ్ళెవరున్నారక్కడ...

ఏదీ, దొరికిందా బొత్తాం? అది కాదే, అది గోధుమరంగు. నల్లది.