బెల్టుకి కాళ్ళొచ్చిన సాయంత్రం

హలో… ఆ, నేనేరా అల్లుడూ, మీ మావయ్యని. లేబర్ ఆఫీసులోంచి. ఎక్కడున్నావు నువ్వు?…

ఎక్కడా?… ఉండు, ఈ చెవి పనిచెయ్యదు, అటు చెవికి మారుస్తా… ఆ, ఇప్పుడు చెప్పు.

బేకరీలోనా!

ఒరేయ్, నిన్ను పనిలోంచి గెంటేసిన బేకరీలో, ఇవాళ, ఈ వేళప్పుడు, నీకేం పనిరా?…

ఓవెన్ ఆగిపోయిందా. ఆగితే?… సూపర్‌వైజరు ఫోన్ చేశాడా. చేస్తే?… "అది నా మాటే వింటుంది మావయ్యా!" భేష్. ఓవెనేమో నీ మాట వింటుంది, నువ్వు మాత్రం ఎవరి మాటా వినవు.

తెలుసురా, ఆ రోజు బ్రెడ్డంతా మాడింది. వేడి అదుపులో ఉండట్లేదు, బాగుచేయించండని నువ్వు ముందే నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పావు. అదీ తెలుసు. అయినా నిన్నే తీసేశారు. ఆ ముక్కే కదా ఇక్కడికొచ్చి చెప్పుకోమంటున్నాను! చెప్పుకోడానికి మూడు నెలలు గడువు. ఇవాళ్టితో సరి. ఐదింటికి కౌంటరు మూసేస్తారు. అర్జీ రాయించి, నీ సంతకం ఒక్కటే తక్కువగా పెట్టుకుని పొద్దుటినుంచీ ఈ బల్ల మీద కూర్చున్నా. కూర్చుని కూర్చుని నా నడుమేదో, బల్ల ఏదో నాకే తెలియట్లేదు.

ఏంటీ?… "నన్ను మళ్ళీ పనిలోకి తీసుకోమని సూపర్‌వైజరు సారు ఓనరు పెద్దాయనతో మాట్లాడుతున్నాడు"… ఎప్పటినుంచిరా మాట్లాడుతున్నాడు? ఆ పెద్దాయన ఏ లోకంలో ఉన్నాడు, మాట చేరడానికి ఇన్నాళ్ళు పట్టిందీ?…

ఆగదు. ఆగదంటే ఆగదు! నువ్వు సారు చుట్టూ తిరుగుతున్నావు కదా అని గడువు చెట్టుకింద కూర్చుని నీకోసం ఎదురుచూడదు. కౌంటర్లో ఆవిడని అడిగాను. తీసేసిన రోజునుంచే లెక్కట. నువ్వు బతిమాలుకున్న రోజులు కూడా అందులోవేనట. రేపొస్తే ఇన్నాళ్ళూ ఏం చేశావంటారు. ఏం చెప్తావు? ఓవెను అలిగితే బుజ్జగిస్తున్నానని చెప్తావా?

నవ్వకు! నాకిక్కడ ఒళ్ళు మండిపోతోంది.

నీలాంటివాడే మా తాత. ఇంట్లో దొంగ పడితే, ఆ దొంగ "ఉండండి బాబాయ్, మీ సామాన్లు భద్రంగా ఉన్నాయో లేదో లోపలికెళ్ళి చూసొస్తా" అన్నాడట. ఈయన గుమ్మంలో కూర్చున్నాడు. గడ్డం పెరిగింది. అందులో పిచ్చుక గూడు కట్టింది, పిల్లల్ని పెట్టింది, ఆ పిల్లలు ఎగిరిపోయాయి కూడా. దొంగ పెరటిగోడ దూకి ఎప్పుడో పోయాడు. మా తాత మాత్రం "పాపం మాటిచ్చాడు, వస్తాడ్లే" అనేవాడట. ఆ గడ్డం నీకొచ్చిందిరా!

ఏం పాడైపోతుంది?… పిండా?…

ఆహా! పిండి పొంగింది, ఇప్పుడు ఓవెన్లోకి వెళ్ళకపోతే పులిసి కూలబడిపోతుంది. పిండికి గడువుంటుందని తెలుసు. నీ నోటికాడి కూటికి గడువుంటుందని మాత్రం తెలీదు. ఎవడి పిండిరా అది? నీదా?…

సరే, అసలు ఓవెన్‌కి ఏమొచ్చింది?… లోపలి ఫ్యాను బెల్టు. తెగిందా, ఊడిందా?… ఊడింది. ఎక్కడుందిప్పుడు?…

గోడకి ఆనించి ఉందా?…

చెక్కుచెదరకుండా?…

ఒరేయ్ అల్లుడూ. మా తాత కథల్లో పిచ్చుకలు గడ్డంలో కాపురాలు చేశాయి గానీ, బెల్టుకి మాత్రం కాళ్ళు రాలేదురా. చక్రం మీంచి అదే దిగి, మూత అదే తీసుకుని, నడుచుకుంటూ వెళ్ళి, అలిసిపోయి గోడకి చేరబడిందా?…

ఎవరో కావాలనే ఊడదీశారురా, నిన్ను ఇటు రానివ్వకుండా అక్కడే కట్టిపడెయ్యడానికి!

ఇవాళే ఆఖరని సారుకెవరు చెప్పారు?…

నువ్వేనా!…

"మర్యాదగా ఉంటుందని చెప్పాను"?… నిన్న వెళ్ళి, "రేపు సాయంత్రంలోగా తేల్చండి సారూ, లేకపోతే అర్జీ పెట్టుకుంటా" అన్నావా? అబ్బబ్బ! మా అక్క నిన్ను పాలు పోసి పెంచిందా, పిండి పోసి పెంచిందా?

చేతిలో ఆ పానా కింద పడెయ్. పడ్డ చప్పుడు వినపడట్లేదు… ఆ, ఇప్పుడు వినపడింది. ఖంగుమంది. అదీ చప్పుడంటే! పరిగెత్తు.

అమ్మా, అమ్మా! అదేంటి, అప్పుడే షట్టరుకి తాళం వెయ్యబోతున్నారు?… నీతో కాదురా, ఇక్కడ కౌంటర్లో ఆవిడతో… ఇంకా ఐదవలేదమ్మా. ఆ గోడగడియారానికి ఇంటికెళ్ళే తొందరెక్కువ, దాన్ని నమ్మకండి. మావాడు వచ్చేస్తున్నాడు, వీధి చివరిదాకా వచ్చేశాడు…

ఎక్కడిదాకా వచ్చావురా?…

గేటు దగ్గరేనా ఇంకా! సారు అడ్డం నిలబడ్డాడా? ఏమంటున్నాడు?… "పిండి పాడైతే బాధ్యత నీదే"నా?

అడుగు. పనిలోంచి తీసేసినవాడికి బాధ్యతేంటి సారూ అని అడుగు… అలా గొణిగితే ఎలా, నీ మెతకతనం మండా! నా పనిచెయ్యని చెవికి కూడా వినపడాలి, అడుగు!…

ఆఁ!

ఇంకోసారి!…

తప్పుకున్నాడా?… తప్పుకోక ఏం చేస్తాడు! ఏ ఆటో కనపడితే ఆ ఆటో ఎక్కు. చేతులకి పిండుంటే ఉండనీ, సంతకానికేం అడ్డం రాదు…

అమ్మా, షట్టరు కిందికి లాగకండమ్మా, నా తలుంది కింద! నిజంగానే పెట్టాను, చూడండి…

ఒరేయ్, ఫోన్ పెట్టేస్తున్నా. నువ్వొచ్చేదాకా ఈ షట్టరు పైకెత్తి పట్టుకోవాలి, రెండు చేతులూ కావాలి నాకు.