మేకుల చింత నీళ్ళు

మన ఊరబావి పక్కన మేకుల చింత ఉందే, దాని నీడ తగలకుండా మగాళ్ళు గట్ల మీంచి చుట్టు తిరిగి పోతారు చూడండి, ఎందుకో ఎప్పుడైనా అడిగారా? అడగరు. దెయ్యం అంటే చాలు, మీ నోళ్ళు మూతపడతాయి.

ఓబులమ్మ అని, కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు. మాట మెత్తన, పని గట్టి. వేరుశనగ కళ్ళం రోజుల్లో సర్పంచి తమ్ముడు వీరనాగప్ప కుప్ప చాటున ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకుని వచ్చి ఇంట్లో చెప్పింది, విననట్టు ఊరుకున్నారు, సరేనని పంచాయితీలో చెప్పింది. అప్పుడు ముందు లేచింది ఎవరనుకున్నారు? మొగుడే. ఇది నా పెళ్ళాం గొంతు కాదు, దీన్ని ఏదో పట్టింది అన్నాడు. ఊరంతా హమ్మయ్య అనుకుంది. ఆడది నలుగురిలో నిజం చెబితే దెయ్యం గాక మరేమిటి?

భూతవైద్యుణ్ణి తెచ్చారు, వేపమండలతో బాదించారు, నడినెత్తి మీది జుట్టుపాయ చింతమానుకి ఆనించి ఇనుప మేకు దిగ్గొట్టి, పాయ కోసేశారు. దెయ్యం మానుకి చిక్కింది, ఇక ఈ పిల్ల మాట్లాడదు పొండి అన్నాడు వాడు. నిజమే, మాట్లాడలేదు. మాట్లాడి ఏం బాగుపడిందని?

ఆ తర్వాత తొలకరి వచ్చింది. నీళ్ళకెళ్ళిన ఓబులమ్మ వానకి ఆ చెట్టు కిందే నిలబడింది. నేల ఇంకా పొడిగానే ఉంది, మాను మాత్రం కారుతోంది. ఆకు మీది చినుకుని రెమ్మ కొమ్మకిస్తే, కొమ్మ మానుకిస్తే, బెరడు చారల వెంట కషాయంలా దిగి, మేకు కింద తన జుట్టుని తడిపి, మొదట్లోకి వచ్చింది నీళ్ళధార. వచ్చి మడుగు కట్టిందా? లేదు. వేరుకీ మట్టికీ మధ్య సందుంటుంది చూడండి, ఆ సందు పట్టుకుని బుడబుడమని లోపలికి పోయింది. ఆ వేళ్ళు ఎక్కడికి పోతాయి? బావి రాళ్ళ సందుల్లో వేలాడేవి అవే కదా. తన జుట్టు తడిసిన నీళ్ళే ఊరు తాగబోతోందని ఆ పిల్లకి అర్థమైంది. ఎవరికీ చెప్పలేదు.

వాన వెలిశాక బావి దగ్గర పెద్దింటి రామక్క, నోరెత్తి ఎరగని మనిషి, దోసిలి పట్టి నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, మెల్లగా అంది:

"నన్నూ పట్టుకున్నాడమ్మే. పోయినేడు, అదే కళ్ళంలో."

పక్కనే చేద లాగుతున్న సుంకులమ్మ, నన్నూ అంది. ఇంకొకామె ఏడ్చింది. అప్పుడు ఓబులమ్మ నోరు విప్పింది.

"ఏడిస్తే ఎట్లా అక్కా? పదండి, వాళ్ళింటికే పోదాం."

కడవలు అక్కడే దించి పోయారు. వీరనాగప్పని వీధిలోకి పిలిచి, కన్నతల్లి ముందే అడిగారు. మేకు వదులై దెయ్యం బావిలో దిగింది, ఊరి ఆడవాళ్ళందరికీ పట్టింది అని మగాళ్ళు మళ్ళీ భూతవైద్యుడికి కబురంపారు. వాడొచ్చి, వరసన నిలబడ్డ ఆడవాళ్ళని ఎగాదిగా చూసి, ఇన్ని మేకులు నా దగ్గర లేవు నాయనా అని వచ్చిన దారినే పోయాడు. వీరనాగప్ప మాత్రం బతికినన్నాళ్ళూ ఏటి చెలమ నీళ్ళే తాగాడు.

అందుకే చెబుతున్నా, అటు పోకండి. ఆడపిల్లలకి కాదులే, నీళ్ళు ఎవరో ఒకరు తేవాలిగా. చెయ్యి కుదురుగా పెట్టుకోలేని వాళ్ళకి చెబుతున్నా.