ఫ్యాక్టరీ క్వార్టర్సావిడ చెప్పిన నవల

దాచేపల్లి బస్టాండు పక్కన సుభానీ అద్దె పుస్తకాల షాపు, 1984. వచ్చింది టీచరు జ్ఞానప్రసూనాంబ.

"...అదే అడుగుతున్నా సుభానీ. కొత్త డిటెక్టివ్ నవల వస్తే ముందు నాకేగా ఇచ్చేవాడివి? ఇప్పుడు ఫ్యాక్టరీ క్వార్టర్సుకి పంపిస్తున్నావంట!"

"అది కాదు టీచరుగారూ, ఆ క్వార్టర్సు కోటిరత్నం గారే ఈ నవల చాలా బాగుంటుంది, తెప్పించమని..."

"ఆవిడ చెప్తే తెప్పిస్తావు. నేను చెప్పినవి?"

"ఉన్నాయి కదండీ. అదుగో, పై అరలో."

"ఉన్నాయి, దుమ్ము కొట్టుకుని! ఆవిడొచ్చి ఆర్నెల్లు కాలేదు. ఈ ఊరికి డిటెక్టివ్ నవల రుచి చూపించిందెవరు?"

"మీరేనండి."

"సగం చదివి హంతకుణ్ణి చెప్పేసేదెవరు?"

"మీరేనండి. ఇప్పుడెవరు కాదన్నారు?"

"ఎవరూ అనక్కర్లేదు. నిన్న పోస్టుమాస్టరు రోడ్డు మీద ఆపి, 'కోటిరత్నం గారు చెప్పిన నవల చదివారా?' అంటాడు. నన్ను! నన్నడుగుతాడు! ఒళ్ళు మండిపోయిందనుకో."

"పోనీ మీరూ చదవండి."

"నాకేం ఖర్మ! ఆవిడ చెప్తే నేను చదవాలా? ముట్టుకోను."

"పోయిన వారం స్టూలు మీద కూర్చుని తిరగేశారుగా?"

"బస్సు రాలేదని తిరగేశా. నాలుగు పేజీలు. దాన్ని చదవడమంటారా? సర్లే గానీ... ఇంకా ఎవరైనా తీసుకెళ్తున్నారా దాన్ని?"

"అదే చెప్పబోతున్నా. ఎవరో మహానుభావులు మొదటి పేజీలోనే హంతకుడెవరో పెన్సిలుతో రాసి పెట్టారండి."

"అయ్యయ్యో! ఇంకేముంది, సస్పెన్సంతా పోయె. పాపం కోటిరత్నం."

"నేనూ నెత్తీ నోరూ కొట్టుకున్నా. రోజూ షాపుకొచ్చే శేషాచలం గారు తిట్టుకుంటూనే తీసుకెళ్ళారు. తెల్లారేసరికి పరిగెత్తుకొచ్చారు."

"నీ మొహాన కొట్టాడా?"

"లేదండి. 'ఒరేయ్ సుభానీ, ఆ పెన్సిలు రాత చెరిపావో నీ షాపు గడప తొక్కను' అన్నారు."

"అదేంటి?"

"అది నమ్మి ఆఖరిదాకా వాణ్ణే అనుమానించారంట. చివరి పేజీలో దిమ్మ తిరిగిపోయిందంట. చదివినవాళ్ళెవరూ పక్కవాళ్ళకి చెప్పట్లేదండి, వాళ్ళూ మోసపోవాలని. పుస్తకానికి ఒకటే గిరాకీ. ఆ రాసినవాళ్ళెవరో తెలిస్తే శాలువా కప్పుతానంటున్నారు కోటిరత్నం గారు."

"నమ్మి మోసపోవడమేంటి? సరిగ్గా చెప్పి చావు."

"అక్కడ రాసింది తప్పు టీచరుగారూ."

"తప్పా? డాక్టరు కాదా? మరెవరు?"