తొమ్మిదో నంబరు బండి

కోతలు కొయ్యడానికి కొడవలి అక్కర్లేదు, ఎదురుగా నాలుగు చెవులుంటే చాలు. ఆ సాయంత్రం రయ్యి మామయ్యకి ఎనిమిది దొరికాయి. బల్ల మీద టైర్ల షాపాయన, దర్జీ. స్టూలు మీద పళ్ళ డాక్టరమ్మ. షెడ్డు గుమ్మానికి ఆనుకుని, చేతిలో గుడ్డపీలిక నలుపుతూ బావమరిది మెకానిక్. పక్కనే టీ బడ్డీలో గ్లాసులు కడుగుతున్న భార్య చెవులు లెక్కలోకి రావు. అవి ఆయన కబుర్లకి ఎప్పుడో అరిగిపోయాయి.

ఏ కబురు చెప్పినా అందులో ఒక బండి రయ్యిమని దూసుకుపోవాల్సిందే కాబట్టి వీధివీధంతా ఆయన్ని రయ్యి మామయ్య అంటుంది. నిజానికి ఆయన సైకిలు తొక్కడం కూడా ఎవరూ చూడలేదు. కాకపోతే రేసుబండ్లు తయారుచేసే పెద్ద ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మాట మాత్రం అబద్ధం కాదు.

ఆ ఫ్యాక్టరీ బండే ఇప్పుడు షెడ్డులో ఉంది. బూడిదరంగుది. చెంప నేలకి ఆనించి పడుకున్న పులిలా ఉంది. దాన్ని కొనుక్కున్నది డాక్టరమ్మ. పగలంతా ఊరి పళ్ళు బాగుచేసి, మిగిలిన ప్రాణమంతా పాత బండ్ల మీద పెట్టుకునే మనిషి. పోయినేడు మెకానిక్ దవడపన్ను పీకినప్పుడు పరిచయం. నోరు తిమ్మిరెక్కి ఉన్నా అతను కుర్చీలోంచే, బయట ఎవరో కదిపిన ఆవిడ బండి కూతలో తేడా ఉందని సైగ చేశాడట. అది ఆవిడకి గుర్తుండిపోయింది.

ఇక్కడ ఒక్క మాట విడమరిచి చెప్పుకోవాలి, లేకపోతే తర్వాతి గొడవ అర్థం కాదు. కొత్తరకం బండి ఏదీ ఒక్కసారిగా అంగట్లోకి రాదు. దర్జీ ముందు కచ్చాకుట్టు వేసి, తొడిగించి చూసి, విప్పి, మళ్ళీ కుట్టినట్టే ఇదీను. మొదట ఏదో పాత బండి ఒంట్లో కొత్త ఇంజను పెట్టి పరుగెత్తిస్తారు. దాన్ని వాళ్ళు ముద్దుగా మ్యూల్ అంటారు, అంటే కంచరగాడిద. తర్వాత కొత్త ఒళ్ళు, కొత్త ఇంజనుతో చేత్తో కట్టే ప్రోటోటైపులు. ఆ తర్వాత అసలు ఫ్యాక్టరీ వరసలోనే పనివాళ్ళ చెయ్యి తిరగడానికి కొన్ని బండ్లు కడతారు, అవి ప్రీ-సిరీస్. వీటికి పేర్లుండవు. అక్షరం, పక్కన అంకె. అక్షరం చూస్తే ఏ మెట్టు మీద పుట్టిందో తెలుస్తుంది. అంకె వెనక దానికి అప్పజెప్పిన పని ఉంటుంది. ఒకటి ట్రాక్ మీద పరుగెత్తడానికి, ఒకటి చలిగదిలో గడ్డకట్టడానికి, ఒకటి గోడకి గుద్దుకోవడానికి. ఆ అంకె వెనక ఏ పనో లోపలివాళ్ళకి తప్ప తెలియదు. పనయ్యాక అన్నిటినీ నుజ్జు చేసెయ్యాలి, అది నియమం. ఎక్కడో ఒకటీ అరా నియమం కళ్ళుగప్పి బతుకుతాయి. అలాంటివంటే పాత బండ్లు కూడబెట్టేవాళ్ళకి ప్రాణం.

డాక్టరమ్మ బండి తలుపు కింద చిన్న రేకు మీద ఉన్నది "పి-9".

"పి అంటే ప్రీ-సిరీస్ అని నాకు తెలుసు," అందావిడ, గ్లాసు అందుకుంటూ. "తొమ్మిదోది ఏం పని చేసిందో తెలీదు. పన్ను చూడకుండా పీకను కదా, ఇదీ అంతే. ట్రాక్ మీద చావబాదిన బండైతే ఇంజను మొత్తం విప్పాలి. దానికి పెద్ద వర్క్‌షాపు, పెద్ద మిషన్లు కావాలి. రేపు పొద్దున్నే ట్రక్కెక్కించేస్తాను. నడవకుండా పడుకున్న బండైతే ఓపికున్న చెయ్యి నెమ్మదిగా లేపితే చాలు. ఇక్కడే వదిలేస్తాను. మీ బావగారు ఆ ఫ్యాక్టరీ మనిషన్నారుగా, అడుగుదామని వచ్చా."

మెకానిక్ కళ్ళు బండి మీదికి పోయాయి. పానా పట్టిన నాటినుంచి స్కూలు వ్యాన్లు, సామాన్ల ఆటోలు, మూలిగే జీపులు తప్ప చేతికి రాలేదు. ఇలాంటి ఇంజను ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తన చేత్తో లేపాలని కోరిక. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదు, నవ్వుతారని. అక్కకి మాత్రం చెప్పాడు.

రయ్యి మామయ్య రేకు దగ్గరికి వంగి చూసి, నడుం నిమురుకుంటూ లేచాడు. మొహం వెలిగిపోతోంది.

"తొమ్మిదో నంబరు! ఒరే బావమరిదీ, ఇది నా చేతుల మీద పెరిగిన పిల్లరా! మొట్టమొదట తాళం తిప్పింది ఎవరనుకున్నావు?"

"మీరేనా మామయ్యా?" దర్జీ అందించాడు. అందించకపోయినా ఆగేది కాదు.

"నేనే. ఊరికే తిప్పి, ఆపేద్దామని తిప్పా, అంతే. ఇంజనీర్లు తలుపు చాటున నుంచున్నారు, పేలుతుందేమోనని. నేను ఎక్కి కూర్చుని, తల్లీ అని స్టీరింగు నిమిరి, తాళం తిప్పా. ఘుమ్మంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఆపేశారా?" అంది డాక్టరమ్మ ఆశగా.

మెకానిక్ బావకేసి చూసి కనుబొమలెత్తాడు. 'ఆపేశానని చెప్పు బావా' అని దానర్థం. బావ ఆ కనుబొమలకి మరో అర్థం తీశాడు, బావమరిది మురిసిపోతున్నాడని.

"ఆపడమా? ట్రాక్ మీదికి తీసుకెళ్ళా! మొదటి చుట్టులోనే టైర్లు ఉడికిపోయాయి. రెండో చుట్టుకి కరిగి రోడ్డుకి అంటుకుపోతే, నేను మిగిలిన చక్రాల మీదే లాక్కొచ్చా."

"చక్రాలు రబ్బరు లేకుండానా?" టైర్ల షాపాయనకి వృత్తిధర్మం అడ్డొచ్చింది.

"నీ షాపు టైర్లయితే ఊరు దాటకముందే కరిగేవి, నువ్వు కూర్చో. ఆ వేగానికి వాన మొదలైందా, చినుకు అద్దం మీద పడాలంటే నన్ను అందుకోవాలిగా! అందుకోలేక నా వెనకే పడుతూ వచ్చింది. దిగాక చూస్తే నా చొక్కా పొడి, ట్రాక్ అంతా తడి."

"అయితే ఇంజను బాగా శ్రమపడిందన్నమాట," డాక్టరమ్మ నెమ్మదిగా అంది. చేతిసంచిలోంచి ఫోను తీసి ఒళ్ళో పెట్టుకుంది. ట్రక్కువాడికి చెయ్యడానికే అయ్యుంటుంది.

"శ్రమా? పిండేశానమ్మా, తడిగుడ్డని పిండినట్టు!"

మెకానిక్ చేతిలో గుడ్డపీలిక ఆగిపోయింది. దాచేదేముంది, పొద్దున బండి దింపగానే అతను కింద దూరి, పైన ఎక్కి, అంతా చూశాడు. బ్రేకు పెడలు రబ్బరు మీద, అచ్చులోంచి తీసినప్పటి సన్నని పోగులు ఇంకా పసిపిల్ల నూగులా అలాగే ఉన్నాయి. ఒక్క కాలు గట్టిగా ఆనినా అవి మిగలవు. అలాంటిది డ్రైవరు వైపు తలుపు కీలు మాత్రం అరిగి అద్దంలా మెరుస్తోంది. కాలు పెట్టని బండికి కీలు ఎలా అరిగింది? ఆ ముడి అతనికి విడలేదు. విడకపోయినా, ఇది పరుగెత్తిన బండి కాదని తెలుసు. ఆ మాట పైకి అనాలంటే నలుగురిలో బావని అబద్ధాలకోరు అనాలి. బావని అంటే అక్కని అన్నట్టే.

"మీటరులో చూస్తే తిరిగింది చాలా తక్కువే ఉంది బావా," అన్నాడు మెల్లగా.

"ఉండదూ మరి! మీటరు ఎంతని తిరుగుతుంది పాపం? చివరికంటా తిరిగి, ఇంక అంకెల్లేక, సిగ్గుపడి మళ్ళీ సున్నా దగ్గరికొచ్చి కూర్చుంది."

దర్జీ పగలబడి నవ్వాడు. డాక్టరమ్మ నవ్వలేదు. "ఇలాంటి బండ్లలో మీటర్లు మార్చేస్తారని విన్నాను లెండి, దాన్ని నమ్మలేం," అంది. ఆవిడ దగ్గర అదే చిక్కు. నోరు తెరిచి కూర్చున్నవాళ్ళ మాట నమ్మడం వృత్తిలో అలవాటైపోయింది.

"ఇది కాదు, అసలు సంగతి విను డాక్టరమ్మా. ట్రాక్ గుండ్రంగా ఉంటుందా? అలా తొక్కుతున్నానా? ఎదురుగా ఎవడిదో బండి, వెనక దీపాలు ఎర్రగా కనిపిస్తున్నాయి. నా ట్రాక్‌లో నా ముందు ఎవడ్రా అని రోషమొచ్చింది. ఇంకాస్త తొక్కా. దగ్గరికొచ్చా. చూస్తే బూడిదరంగు. చూస్తే తొమ్మిదో నంబరు. చూస్తే, లోపల కూర్చున్నది ఎవరు?"

"ఎవరు?"

"నేనే! నా బండి తోక నాకే కనిపిస్తోంది!"

"హారి నాయనో," అన్నాడు టైర్ల షాపాయన.

"హారన్ కొట్టా. మర్యాదగా పక్కకి తప్పుకున్నా. నన్ను నేను దాటేశా. దాటేటప్పుడు ఇద్దరం చేతులూపుకున్నాం. అప్పటికీ బండికి కసి తీరలేదు. ఎంత వేగం పోయిందంటే, బయల్దేరక ముందే తిరిగొచ్చేశాను! ఒట్టు! నేను వెళ్ళేముందు క్యాంటీన్ నుంచి టీ తెచ్చారు, వచ్చాక తాగుదామని వెళ్ళానా? వచ్చి చూస్తే ఆ టీ ఇంకా గ్లాసులోకి పోస్తున్నారు. అప్పుడు తాగా. నాలుక కాలింది కూడాను!"

డాక్టరమ్మ నిట్టూర్చి లేచింది. "మిగతా సంగతేమోగానీ, ఒకటి మాత్రం తేలిపోయింది. ఇంతలా తోలిన ఇంజన్ని ఇక్కడ వదలలేను. ఏమనుకోకు బాబూ." ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

మెకానిక్ తలొంచుకుని, బండి మీది మరకే లేని చోట తుడవడం మొదలెట్టాడు.

టీ బడ్డీలో గ్లాసుల చప్పుడు ఆగింది. అక్క తమ్ముడి వీపుకేసి చూసింది. చిన్నప్పుడు బొమ్మబండి చక్రం ఊడినప్పుడు కూడా అతను అలాగే వీపు తిప్పుకుని కూర్చునేవాడు. తర్వాత మొగుడికేసి చూసింది. చీరకొంగుతో చేతులు తుడుచుకుని ఇవతలికొచ్చింది.

"ఆ టీ పోసింది నేనే కదండీ," అంది.

రయ్యి మామయ్య సగం నవ్వుతో ఆగాడు. "అవును, నువ్వే. నువ్వే సాక్షి!"

"సాక్ష్యమే చెబుతున్నా. డాక్టరమ్మా, ఫోను ఒక్క నిమిషం దించండి. పెళ్ళికి ముందు నేను ఆ ఫ్యాక్టరీ క్యాంటీన్లో పనిచేశాను. ఈయనకి టీ ఇచ్చింది నేనే. కాకపోతే ట్రాక్ దగ్గర కాదు. తలుపుల గదిలో."

"తలుపుల గదా?"

"ప్రతి కొత్తరకంలోనూ తొమ్మిదో బండి ఆ గదికే వెళ్ళేది. అది అక్కడి ఆనవాయితీ. దానికి పెట్రోలు చుక్క పొయ్యరు, తాళం ఇవ్వరు. తలుపు తియ్యడం, వెయ్యడం. తియ్యడం, వెయ్యడం. పొద్దున్నించి సాయంత్రం దాకా. ఎన్నేళ్ళు వాడితే కీలు వదులవుతుందో, ఎలా వేస్తే చప్పుడు నిండుగా ఉంటుందో చూడాలి కదా. తర్వాత మిషన్లొచ్చాయి. అంతకుముందు మిషను ఈయనే. ఈయన కుడిభుజం ఎడమదానికంటే కిందికి ఎందుకుంటుందో తెలుసా? ఈయన ఈ బండిలో కూర్చోను కూడా లేదు డాక్టరమ్మా. బయట నుంచునే ఉద్యోగం చేశారు."

దర్జీ కన్ను కొలతపట్టీలా రయ్యి మామయ్య భుజాల మీదికి పాకింది. నిజమే, కుడిది ఒక వేలెడు దిగి ఉంది.

మెకానిక్ తల ఎత్తాడు. "అక్కా! కీలు! కీలు అరిగి ఉంది, పెడలు మీద కాలు పడలేదు. పొద్దుటినుంచీ ఇదే..." మాట పూర్తికాకుండానే డాక్టరమ్మ చేయి పట్టుకుని బండి దగ్గరికి లాక్కెళ్ళి ఫోను వెలుగులో రెండూ చూపించాడు. ఆవిడ పెడలు రబ్బరు మీది నూగుని చిటికెనవేలితో తాకి చూసింది. పాలపన్ను తాకినంత సుతారంగా తాకింది. ఫోను సంచిలో పడేసింది.

"అయితే ఈ ఇంజను పుట్టాక అసలు కన్నే తెరవలేదు," అంది. తాళం మెకానిక్ అరచేతిలో పెట్టింది. "తొందరేం లేదు. నెమ్మదిగా లేపు."

అతను తాళం పట్టుకున్నాడే గానీ చూపు బావ మీదే ఉంది. బల్ల దగ్గర బావ ఒంటరిగా నిలబడ్డాడు. గాలి తీసిన టైరులా కనిపించాడు. టైర్ల షాపాయన కూడా నవ్వడానికి మొహమాటపడ్డాడు.

"బావా, ఈ తలుపు కొంచెం అడుగుకి రాసుకుంటోంది. చూస్తావా?"

రయ్యి మామయ్య కదిలాడు. వచ్చి తలుపు తెరిచాడు. చెవి వంచాడు. రెండు వేళ్ళు ఆనించి వదిలాడు.

దుప్పటి మడత మీద ఇత్తడి బిందె పెట్టినట్టు, మెత్తగా, నిండుగా ఒక్క చప్పుడు.

డాక్టరమ్మ ఒక అడుగు ముందుకేసింది. కొన్నప్పటినుంచీ ఆ తలుపు ఆవిడ చేతిలో రేకుడబ్బాలా మోగుతూనే ఉంది. "ఇంకోసారి వెయ్యండి," అంది.

వేశాడు. అదే చప్పుడు. ఆయన నడుం దానంతటదే నిటారైంది.

"కింది కీలుకి ఒక్క వాషరు పడాలి, అంతే. ఈ చప్పుడు ఎవరు నేర్పారనుకున్నారు దీనికి? మిషనా? మిషనుకి చెవులున్నాయా?" వెనక్కి తిరిగి బల్లకేసి చూశాడు. ఇద్దరూ అక్కడే ఉన్నారు. చెవులు కూడా వాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఛాతీ మెల్లగా నిండింది. "అసలు ఒకరోజు ఈ తలుపు కాస్త జోరుగా వేశానా, ఆ గాలికి ఫ్యాక్టరీ గేటు ఊడి రయ్యిమని... ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

భార్య టీ గ్లాసు చేతికిచ్చింది.

"బయల్దేరకముందే తిరిగొచ్చిన మనిషి కదా," అంది. "మొదలెట్టకముందే ముగించండి."