ఏడో సుక్కకి సిగ్గేటి?

ఏటే కమలా, ఏలు పైకెత్తి లెక్కెడతన్నావు? పిల్లలకోడి సుక్కల్నా? ఆరే కనపడతన్నాయా? ఆరంటే ఆరనే సెప్పు. ఏడోది సిగ్గుపడి దాగుందని మాత్రం ఈ అమ్మమ్మ దగ్గిర అనకు, ఒళ్ళు మండిపోద్ది.

మీ బళ్ళో సెప్పినారా? మా కాలంలోనూ సెప్పినాడొకడు, టెక్కలి నుంచొచ్చిన పురుషోత్తం మాస్టరు. మా తాత అరుగు మీద కూకుని, మేం పెట్టిన పనసతొనలు తింటా... ఆ పనస రుచి ఇప్పుడేదీలే. "మీ పిల్లలకోడి, అంటే కృత్తికలు, గ్రీకుల కథలో ఏడుగురు అక్కచెల్లెళ్ళండీ. ఆకాశాన్ని భుజాన మోసే అట్లాసు కూతుళ్ళు. వేటగాడు వెంటపడితే దేవుడు చుక్కల్ని చేశాడు. ఆరుగురు దేవుళ్ళతో జతకట్టారు. ఏడోది మామూలు మనిషిని కట్టుకుంది. ఆ సిగ్గుతోనే మసకబారిపోయిందండీ!" అన్నాడు.

ఆ ఇంట్లో ఆడపిల్లలెందరో తెలుసునా? ఏడుగురు! మా అమ్మ మూడోది, కడగొట్టుది సూరమ్మ పిన్ని. ఆరుగుర్నీ కొబ్బరితోటలున్నోళ్ళకిచ్చినారు. పిన్ని నౌపడ ఉప్పుమడుల్లో కూలి పోలారావుని మనువాడినాది. అరికాళ్ళు పుళ్ళేగానీ మనిషి బంగారం. మాస్టరెల్లీసరికి మా పెద్దమ్మలకి మాట దొరికినాది. "మా ఏడో సుక్క ఏదే?" అని ఒకర్తి, "సిగ్గేమోనే" అని ఇంకొకర్తి, ఒకటే కిసకిసలు.

పిన్ని ఊరుకుంటాదేటి? నూతికాడ నిలదీసినాది. "సిగ్గేటికి? మొగుడు ఎండలో ఉప్పు లాగి వత్తే గంజి పొయ్యడానికెల్లుంటాది ఆ పిల్ల! మీ దేవుడు మొగుళ్ళు ఒక్కనాడైనా పనికెల్లినారా?"

తరవాత నా పెళ్ళి. మాలో బొట్టెట్టి పిలవందే ఎవరూ గడప తొక్కరు. మా అమ్మ కుంకంబరిణె పట్టుకుని అప్పసెల్లెళ్ళందరి ఊళ్ళూ తిరిగినాది, నౌపడ తప్ప. మా పూండిలో రైలెక్కితే ఎంతసేపే? "నా ఎర్రమ్మ పెళ్ళికి ఒక్క బొట్టు సాలు, కాలినడకనైనా వత్తాను" అని కబురెట్టినాది పిన్ని. గుమ్మానికి పసుపు రాసి మూడ్రోజులు కూకుందట. ఎవరెల్లినారు?

పీటల మీదున్నాను. పెద్దమ్మ నా సెవిలో, "సుక్క దాగిపోయినాదే" అంది. పెళ్ళికూతురి మాట ఆ పూట ఎవరు కాదంటారు? పిన్ని రాందే తాళి కట్టించుకోనంటే ఐపోయీది. అన్నానేటి? నవ్వినాను. పెద్దమ్మతోపాటు నానూ పకపకా నవ్వినాను. ఆ వానల్లోనే పిన్నికి వాంతులూ బేదులూ పట్టుకుని, తెల్లారీసరికి...

ఏటలా సూత్తావు నా మొకం? సాప సుట్టు బేగి. మంచు పడతంది.